ప్రళయం తర్వాత ఎన్నో రోజు?

లోకం కూలిపోయాక మిగిలిన మనుషులు ఎలా బతికారో చెప్పే నవలలను ఇంగ్లీషులో పోస్ట్ అపోకలిప్టిక్ అంటారు. తెలుగులో దీనికి గట్టిగా నిలబడ్డ పేరు లేదు. ఇక్కడికి ప్రళయానంతర నవల అనుకుందాం. కల్కి 2898 ఏడీ చూసొచ్చి "ఇట్లాంటిదే చదవడానికి ఏమన్నా ఉందా" అని అడిగేవాళ్లకు ఎదురు ప్రశ్న ఎప్పుడూ ఒకటే పడుతుంది: ప్రళయం దేనివల్ల రావాలి, బాంబులా, రోగమా, వరదా? ఆ ప్రశ్న పట్టుకుని పోతే తప్పు పుస్తకం చేతికొస్తుంది. అడగాల్సింది వేరు. కథ మొదలయ్యే పొద్దుకు ప్రళయం జరిగి ఎంత కాలమైంది?

అణుయుద్ధం మీద వచ్చిన మూడు నవలలు చూడండి. నెవిల్ షూట్ రాసిన ఆన్ ది బీచ్ 1957లో వచ్చింది. ప్యాట్ ఫ్రాంక్ రాసిన అలాస్, బాబిలాన్, వాల్టర్ మిల్లర్ రాసిన ఎ కాంటికిల్ ఫర్ లీబోవిట్జ్ రెండూ 1959లో వచ్చాయి. కారణం ఒక్కటే, రాసిన కాలమూ దాదాపు ఒక్కటే. చదివితే మాత్రం మూడింటికీ పొంతనే ఉండదు. షూట్ కథలో ఉత్తరార్ధగోళం అప్పటికే చచ్చిపోయింది. రేడియేషన్ గాలితో పాటు మెల్లగా దక్షిణానికి దిగుతుంటే మెల్‌బోర్న్ జనం నెలలు లెక్కపెట్టుకుంటారు. కొట్లాట లేదు, దోపిడీ లేదు. వచ్చే ఏడాది ఉండబోమని తెలిసి కూడా పెరట్లో మొక్కలు పెడతారు. ఫ్రాంక్ కథ ఫ్లోరిడాలోని ఒక చిన్న ఊళ్లో బాంబులు పడే ముందు మొదలై, పడ్డాక వచ్చిన కరువు రోజులన్నీ వరుసగా చూపిస్తుంది. మిల్లర్ కథ తెరుచుకునేసరికే ఆరు శతాబ్దాలు గడిచిపోయాయి. ఎడారిలో ఒక మఠం, అందులో సన్యాసులు, వాళ్లు పవిత్రంగా దాచుకున్న పాత కాగితాల్లో ఒక కిరాణా చీటీ. ఈ మూడింట్లో ఒకటి ప్రాణంలా నచ్చినవాళ్లు మిగతా రెండూ సగంలో మూసేయడం మామూలే.

కాబట్టి గడియారం మూడు చోట్ల పెట్టుకోవాలి. ప్రళయం జరుగుతుండగా మొదలై వారాలు, నెలల్లో ముగిసేవి. ఒక మనిషి ఆయుష్షంత సాగేవి. పాత లోకాన్ని చూసినవాళ్లెవరూ మిగలని రోజుల్లో, తరాల తర్వాత నడిచేవి. అడిగిన మనిషికి ఏది కావాలో తెలిశాక కారణం గురించి మాట్లాడుకోవచ్చు.

మొదటి రకంలో మన వైపు పాఠకులకు అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది జాన్ క్రిస్టఫర్ రాసిన ది డెత్ ఆఫ్ గ్రాస్, 1956. చైనాలో వరికి ఒక వైరస్ తగులుతుంది, పేరు చుంగ్ లీ. ముందు వరి పోతుంది. తర్వాత అది మారి గడ్డిజాతి మొత్తాన్ని తినేస్తుంది. గోధుమ, బార్లీ, ఓట్లు, చివరికి పశువులు మేసే పచ్చిక కూడా. బ్రిటన్ ప్రభుత్వం బాగానే ఉన్నామని చెప్తూనే ఉంటుంది. లండన్ నుంచి ఒక కుటుంబం ఉత్తరాన కొండల మధ్య ఇంటాయన అన్న సాగుచేసే లోయకు బయలుదేరుతుంది. ఆ అన్న ముందే ఊహించి పొలంలో ఆలుగడ్డ వేసి పెట్టాడు. పుస్తకం బలమంతా ఆ ఆలుగడ్డలోనే ఉంది.

దీన్ని వరంగల్‌లో కూర్చుని చదివితే ఇంకో లెక్క తానంతట తానే మొదలవుతుంది. గడ్డిజాతి అంటే వరి ఒక్కటే కాదు. మక్క, జొన్న, సజ్జ, రాగి, చెరకు, వెదురు అన్నీ అదే కుటుంబం. వానకాలం వరీ పోతుంది, యాసంగి వరీ పోతుంది, వరి వద్దని వేసిన మక్క కూడా పోతుంది. వరిగడ్డి లేకపోతే బర్రెకు మేత లేదు, పాలు లేవు. మిగిలేవి ఏవి? పత్తి, మిర్చి, పసుపు, కంది, పెసర, పల్లి, గడ్డలు. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే సరుకులో పత్తి, మిర్చి బస్తాలు అలాగే ఉంటాయి, కానీ వాటితో కడుపు నిండదు. కందులు, పల్లీల మీద ఎంతమంది ఎన్ని నెలలు బతకగలరన్నది నవల అడగని ప్రశ్న. చదివేవాళ్లు అడుగుతారు. మంచి ప్రళయానంతర నవలకు గుర్తు ఇదే, పుస్తకం మూశాక మన ఊరి బియ్యం, నీళ్లు, ఉప్పు లెక్కలోకి వస్తాయి.

ఇచ్చే ముందు ఒక మాట చెప్పి ఇవ్వండి. ఈ నవలలో దారిలో ఆడవాళ్ల మీద దాడి జరిగే ఘట్టం ఉంది, హత్యలు ఉన్నాయి, మంచివాళ్లే చేస్తారు. రెండు వందల పేజీల చిన్న పుస్తకమని చూసి పదో తరగతి పిల్లల చేతిలో పెట్టేది కాదు.

అలాస్, బాబిలాన్ ఉప్పు గురించి చదవాల్సిన పుస్తకం. ఊరికి బయటి దారులన్నీ మూసుకుపోయాక చేపలు దొరుకుతాయి, నారింజలు దొరుకుతాయి, ఉప్పు మాత్రం అయిపోతుంది. ఒక పూర్వికుడు రాసుకున్న పాత దినచర్య పుస్తకంలో ఉప్పు దొరికే మడుగు సంగతి ఉంటుంది, అదే దారి చూపిస్తుంది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మనకు ఇది ఇంకా బాగా తగులుతుంది. రైలు, లారీ రాకముందు తీరం నుంచి దక్కను లోపలికి ఉప్పు మోసింది బంజారాల ఎడ్ల బిడారులే. ఇదే నవలలో మధుమేహం ఉన్న ఒక పెద్దావిడ, ఫ్రిజ్ ఆగిపోయి ఇన్సులిన్ పాడవడంతో చనిపోతుంది. బాంబు తగలకుండానే మనుషులు ఎట్లా పోతారో ఆ ఒక్క చావుతో అర్థమవుతుంది. 1959 నాటి అమెరికా దక్షిణాది పుస్తకం కాబట్టి నల్లవాళ్ల గురించి, ఆడవాళ్ల గురించి రాసిన తీరు ఇప్పుడు గుచ్చుకుంటుంది. అది తెలిసే చదవాలి.

జాన్ విండమ్ రాసిన ది డే ఆఫ్ ది ట్రిఫిడ్స్, 1951, ఈ రకంలో అందరికీ తెలిసిన పేరు. రాత్రి ఆకాశంలో పచ్చటి వెలుగులు చూసినవాళ్లంతా తెల్లారేసరికి గుడ్డివాళ్లవుతారు. నూనె కోసం పెంచిన నడిచే మొక్కలు మనుషుల వెంట పడతాయి. మొదటి అధ్యాయం చాలా బాగుంటుంది. మొక్కల కథ అనుకుని పక్కన పెట్టేయకండి, అసలు చర్చ చూపున్న కొద్దిమంది చూపు పోయిన వేలమందికి ఏం బాకీ అన్నది. స్టీఫెన్ కింగ్ ది స్టాండ్ కొనేవాళ్లు ముఖచిత్రం తర్వాతి పేజీ తప్పక చూడాలి. 1978లో వచ్చింది కుదించిన ప్రతి, 1990లో వచ్చింది పూర్తి ప్రతి, రెండింటికీ తేడా నాలుగు వందల పేజీల దాకా ఉంటుంది. కథ జరిగే ఏడాది కూడా ప్రతిని బట్టి మారుతుంది. ఇద్దరు కలిసి చదివి మాట్లాడుకోవాలనుకుంటే ఒకే ప్రతి ఉండాలి.

ఇక రెండో రకం, ఒక ఆయుష్షంత సాగేవి. ఇందులో జార్జ్ స్టీవర్ట్ రాసిన ఎర్త్ అబైడ్స్, 1949, నా లెక్కలో అన్నిటికన్నా పైన. కాలిఫోర్నియాలో కొండల్లో ఒంటరిగా ఉన్న ఇష్ అనే కుర్రాడు పాము కాటు నుంచి తేరుకుని కిందికి దిగేసరికి రోగంతో జనం పోయారు. నవల హడావిడి లేకుండా దశాబ్దాలు నడుస్తుంది. చీమలు విపరీతంగా పెరిగి ఒకరోజు మాయమవుతాయి, తర్వాత ఎలుకల వంతు. ఎవరూ పంపు నడపకుండానే కుళాయిలో నీళ్లు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాయి, అందుకే ఎవరూ బావి తవ్వరు. నీళ్లు ఆగిన రోజున చేతకాదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని పిల్లల కోసం కాపాడాలని ఇష్ తపన, పిల్లలకు చదువు మీద ధ్యాసే లేదు. చివరికి వాళ్లకు నిజంగా పనికొచ్చింది ఆయన ఆటలా నేర్పిన విల్లు, బాణం. టీచర్లకు, లైబ్రేరియన్లకు ఈ పుస్తకం ఇచ్చి చూడండి.

ఆ కుళాయి సంగతి మనకు తిరగేసి చదువుకోవాలి. కరెంటు పోతే మన బోర్లు అదే గంటలో ఆగుతాయి. పాకాల, రామప్ప చెరువుల కింద పొలానికి మాత్రం నీళ్లు తూము దాటి వాలుకు పారుతాయి. కాకతీయుల కాలం నాటి కట్టకు మోటారు అక్కర్లేదు, గండి పడకుండా చూసుకునే మనుషులు కావాలి. స్టీవర్ట్ చెప్పిన నీళ్ల కథలో ఇదే మెలిక ఉంది.

పశువులు, పొలం తెలిసిన పాఠకులకు ఇంకొకటి, జర్మన్‌లో మార్లెన్ హౌస్‌హోఫర్ 1963లో రాసిన నవల. ఇంగ్లీషులో ది వాల్ పేరుతో దొరుకుతుంది. ఆస్ట్రియా కొండల్లో ఒక ఆడమనిషి, కంటికి కనపడని గోడ, దాని అవతల అంతా రాయిలా ఆగిపోయిన లోకం. లోపల ఒక కుక్క, ఒక ఆవు, ఒక పిల్లి. ఆలుగడ్డలు, చిక్కుడు, గడ్డి కోత, ఆవు ఈనడం, పుస్తకమంతా ఇదే. అధ్యాయాలు కూడా లేవు. సంఘటనలు కావాలనేవాళ్లకు విసుగొస్తుంది. ఆవు ఈనే రాత్రి కొట్టంలో కూర్చున్న అనుభవం ఉన్నవాళ్లు కింద పెట్టలేరు.

ఎమిలీ సెయింట్ జాన్ మాండెల్ రాసిన స్టేషన్ ఎలెవెన్, 2014, ఊరూరా తిరిగి నాటకాలాడే బృందం కథ. మరుసటి ఏడాది ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు వచ్చింది. మన చిందు, ఒగ్గు కళాకారుల దారి తెలిసినవాళ్లకు దగ్గరగా అనిపిస్తుంది. ఒక చిన్న విషయంలో ఆమె జాగ్రత్త చూడండి. పికప్ ట్రక్కుల ఇంజన్లు పీకేసి గుర్రాలతో లాగిస్తారు. పెట్రోలు నిల్వ ఉండదు, నెలల్లో దాని గుణం పోతుంది, రెండు మూడేళ్లకు నమ్మడానికి లేదు. ప్రళయం జరిగిన పదేళ్లకు రయ్యిన కారు నడిపే నవల ఎదురైతే రచయిత లెక్క చూసుకోలేదని అర్థం.

కార్మాక్ మెకార్తీ ది రోడ్, 2006, గొప్ప నవల, 2007లో పులిట్జర్ వచ్చింది. కానీ మొదటి పుస్తకంగా ఇవ్వొద్దు. సంభాషణలకు కోట్ గుర్తులు లేవు, ఎవరు మాట్లాడుతున్నారో వరుసను బట్టి పట్టుకోవాలి. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు నవలల్లోకి ఇప్పుడిప్పుడే వస్తున్నవాళ్లు పదో పేజీలోనే తమ ఇంగ్లీషు తప్పేమో అనుకుని ఆగిపోతారు. తప్పు వాళ్లది కాదు. పైగా మనుషులు మనుషులను తినే ఘట్టాలున్నాయి, పసిబిడ్డకు సంబంధించింది ఒకటి ఉంది. చిన్నపిల్లలున్న తల్లిదండ్రులకు ముందే చెప్పడం ధర్మం.

మూడో రకంలో మొదలు పెట్టాల్సింది విండమ్‌దే ఇంకొకటి, ది క్రిసలిడ్స్, 1955. యుద్ధం జరిగి తరాలైపోయింది. అంగవైకల్యం ఉన్న మొక్కను తగలబెడతారు, పశువును కోస్తారు, బిడ్డను వెళ్లగొడతారు. కాలికి ఆరు వేళ్లున్న ఒక చిన్నపిల్లతో కథ మొదలవుతుంది. వాక్యాలు చిన్నవి, ఇంగ్లీషు తేలిక, తొమ్మిదో తరగతి నుంచి ఎవరికైనా ఇవ్వొచ్చు. రసెల్ హోబన్ రిడ్లీ వాకర్, 1980, దీనికి పూర్తిగా ఎదురు. మొత్తం విరిగిపోయిన ఇంగ్లీషులో రాశాడు, గట్టిగా పైకి చదివితేనే అర్థమవుతుంది. పది పుస్తకాలు చదివాక పట్టుకోండి.

దొరకబట్టడం

ముందు పేరు సరిచూసుకోండి. అమెరికాలో, బ్రిటన్‌లో వేర్వేరు పేర్లతో వచ్చిన పుస్తకాలు ఈ తరహాలో చాలా ఉన్నాయి. ది డెత్ ఆఫ్ గ్రాస్ అమెరికాలో నో బ్లేడ్ ఆఫ్ గ్రాస్. ది క్రిసలిడ్స్ అక్కడ రీ బర్త్. రెండో పేరుతో వెతక్కపోతే ఉన్న పుస్తకమే లేదని తేలుతుంది, లేదా ఒకే పుస్తకం రెండుసార్లు కొంటారు. ఇంటర్నెట్ స్పెక్యులేటివ్ ఫిక్షన్ డేటాబేస్ అనే ఉచిత సైటులో రచయిత పేరు కొడితే ప్రతి నవలకు ఉన్న మారుపేర్లు, ప్రతి ముద్రణ, పేజీల సంఖ్య, ముఖచిత్రం కనిపిస్తాయి. కొనే ముందు రెండు నిమిషాలు అక్కడ గడపండి.

తర్వాత ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం వెనక వేసే గుర్తింపు సంఖ్య. 2007 జనవరికి ముందు ఇది 10 అంకెలు, ఆ తర్వాత 13. పాత పుస్తకం వెనక ఉన్న 10 అంకెలు కొడితే కొన్ని సైట్లలో ఏమీ రాదు. ముందు 978 తగిలిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, అప్పుడూ రాదు, ఎందుకంటే చివరి అంకె మారుతుంది. ది రోడ్ వింటేజ్ పేపర్‌బ్యాక్ తీసుకోండి. పాత సంఖ్య 0307387895. చివరి 5 తీసేసి ముందు 978 పెట్టండి, 978030738789 అవుతుంది. ఈ 12 అంకెలను వరుసగా 1, 3, 1, 3 చొప్పున హెచ్చవేసి కూడితే 121. పై పదికి, అంటే 130కి, 9 తక్కువ. ఆ 9ని చివర పెడితే 9780307387899. ఇప్పుడు దొరుకుతుంది. 97881, 97893తో మొదలైతే మన దేశపు ప్రచురణ అని గుర్తు. 1960ల నాటి పుస్తకాలకు ఈ సంఖ్యే ఉండదు, వాటికి రచయిత పేరు, ప్రచురణ సంస్థ, ఏడాది మూడూ కలిపి వెతకాలి.

కొత్త ప్రతులు కావాలంటే సిరీస్ పేరు గుర్తుంచుకుంటే పని తేలిక. బ్రిటన్‌లో 1999లో మొదలై ఇప్పుడు గొలాంజ్ సంస్థ వేస్తున్న ఎస్ఎఫ్ మాస్టర్‌వర్క్స్ వరుసలో ఎర్త్ అబైడ్స్, రిచర్డ్ మాథెసన్ రాసిన ఐ యామ్ లెజెండ్ ఉన్నాయి. ది డెత్ ఆఫ్ గ్రాస్ పెంగ్విన్ మోడర్న్ క్లాసిక్స్‌లో వచ్చింది. ఐ యామ్ లెజెండ్ అమెరికా ప్రతి కొన్నవాళ్లకు ఒక హెచ్చరిక. నవల పుస్తకం మధ్యలోనే అయిపోతుంది, మిగతావి వేరే కథలు. ఇంకా సగం ఉందనుకుని ముగింపును ముగింపులా చదవకుండా దాటిపోయే ప్రమాదం ఉంది. ముందు విషయసూచిక చూడండి.

హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల షాపుల్లో పోటీ పరీక్షల పుస్తకాలదే రాజ్యం, పాత ఇంగ్లీషు నవలలు అరుదు. జిల్లా గ్రంథాలయంలో అడిగేటప్పుడు సైన్స్ ఫిక్షన్ అల్మారా ఎక్కడ అని అడిగితే లేదంటారు, ఎందుకంటే గ్రంథాలయాల్లో పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలిచ్చే డ్యూయీ పద్ధతిలో దానికి విడిగా చోటు లేదు. అమెరికా నవలలు 813 కింద, బ్రిటన్ నవలలు 823 కింద ఉంటాయి. అంటే స్టీవర్ట్, ఫ్రాంక్, మెకార్తీ ఒక చోట, విండమ్, క్రిస్టఫర్ ఇంకో చోట. ఆ రెండు అంకెలు చెప్పి అల్మారా దగ్గరికి మీరే వెళ్లి పుస్తకాల వీపుల మీది పేర్లు చదువుకుంటూ పోవడం ఉత్తమం. విశ్వవిద్యాలయాల ఆన్‌లైన్ కేటలాగుల్లో విషయం అనే గడిలో రిగ్రెషన్ సివిలైజేషన్ అన్న రెండు మాటలు ఇంగ్లీషులో కొట్టండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ తరహా నవలలకు పెట్టిన విషయశీర్షిక అదే. పోస్ట్ అపోకలిప్టిక్ అని కొడితే రానివి దీంతో బయటపడతాయి.

తెలుగు పుస్తకాలు డ్యూయీలో 894.827. హన్మకొండలో 1904లో పుట్టిన శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం లాంటి చోట పాత తెలుగు నవలలు వెతకాలంటే రచయిత పేరే దారి, ప్రళయం అనే విభాగం ఉండదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో స్కాన్ చేసి పెట్టిన తెలుగు పుస్తకాలకు ఇంకో చిక్కు. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. ప్రళయం, ప్రళయము, ప్రలయం, యుగాంతం, యుగాంతము, మహమ్మారి, మహామారి, ఇట్లా ప్రతి మాటకూ మూడు నాలుగు స్పెల్లింగులు కొట్టి చూడాలి. వచ్చిన వాటిలో సగం పురాణాలు, కాలజ్ఞాన వ్యాఖ్యానాలు ఉంటాయి. వాటిలో ప్రళయం రాబోతుంది, మనకు కావాల్సినవాటిలో వచ్చి వెళ్లిపోయింది. మొదటి రెండు పేజీలు చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఇంగ్లీషు పాత ప్రతులకు మాత్రం ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాతే. కాజీపేట నుంచి నాంపల్లి దాకా వెళ్లే బండి ఎక్కితే దిగి నడిచి వెళ్లొచ్చు. సికింద్రాబాద్‌లో దిగితే మళ్లీ బస్సు పట్టాలి. అక్కడ పుస్తకం చేతికి తీసుకుని చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ముందు చివరి పేజీ ఉందో లేదో. తర్వాత లోపలి అక్షరాలు: మసకగా, జిరాక్స్ తీసినట్టు, మార్జిన్ ఒక పక్కకు ఒరిగి ఉంటే దొంగ ముద్రణ. వాటిలో మధ్యలో పదహారు పేజీలు ఎగిరిపోవడం, రెండుసార్లు రావడం మామూలు. పేజీ అంకెలు వేళ్లతో చకచకా తిప్పి చూడండి. కాపీరైట్ పేజీలో 10 9 8 7 అంటూ అంకెల వరుస ఉంటే, అందులో మిగిలిన అతి చిన్న అంకె అది ఎన్నో ముద్రణో చెప్తుంది.

అసలు ఇబ్బంది వీపు దగ్గర. 1960లు, 70ల నాటి పేపర్‌బ్యాక్‌లకు కుట్టు ఉండదు, జిగురే. మన ఎండాకాలాలు చూసిన జిగురు పెంకులా ఎండిపోయి ఉంటుంది. అలాంటి పుస్తకాన్ని కొన్నవెంటనే మధ్యకు తెరిచి బోర్లా పెడితే టప్పున రెండవుతుంది. ముందు నుంచి కొన్ని, వెనక నుంచి కొన్ని పేజీలు మార్చి మార్చి మెల్లగా తెరుస్తూ మధ్యకు రావాలి, సగానికి మించి తెరవొద్దు. ఊడిన పేజీకి సెల్లో టేపు అసలు వద్దు, కొన్నేళ్లకు అది పసుపు మరకగా మారి అక్షరాలను తినేస్తుంది. ఫెవికాల్ చాలు. చిన్న బ్రష్‌తో పేజీ లోపలి అంచుకు ఒక మిల్లీమీటరు మందం గీతలా రాసి, పుస్తకం లోపలికి నిటారుగా దించి, అటూ ఇటూ ఒక్కో ప్లాస్టిక్ కవరు ముక్క పెట్టి మూయండి. పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. ఎక్కువ రాస్తే పక్క పేజీలు అతుక్కుపోతాయి, అక్కడే అందరూ పొరపాటు చేస్తారు. చెద మట్టి ఆనవాలున్న పుస్తకం ఎంత అరుదైనదైనా ఇంట్లో అల్మారాలోకి నేరుగా తీసుకురావొద్దు, పది రోజులు విడిగా డబ్బాలో ఉంచి పొడి రాలుతుందేమో చూడండి.

డబ్బు పెట్టకుండా చదవాలంటే కాపీరైటు లెక్క తెలియాలి. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్లు. షూట్ 1960లో పోయాడు, ఆయన నవలలు ఇక్కడ 2021 నుంచి స్వేచ్ఛ. ఫ్రాంక్ 1964లో పోయాడు, 2025 నుంచి స్వేచ్ఛ. విండమ్ 1969లో పోయాడు, 2030 దాకా ఆగాలి. స్టీవర్ట్‌కు 2041. పాతవాళ్ల సంగతికి లెక్కే అక్కర్లేదు. మేరీ షెల్లీ ది లాస్ట్ మ్యాన్, 1826, రిచర్డ్ జెఫరీస్ ఆఫ్టర్ లండన్, 1885, జాక్ లండన్ ది స్కార్లెట్ ప్లేగ్, 1912, మూడూ ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే అమెరికా సైటులో ఉచితం. ఈపబ్ ఫైలు దించుకుంటే ఫోనులో తెరుచుకుంటుంది, కిండిల్‌లోకి మాత్రం సెండ్ టు కిండిల్ ద్వారా పంపుకోవాలి. అమెరికా చట్టం వేరు కాబట్టి షూట్ ఆన్ ది బీచ్ అక్కడ ఉండదు, కెనడా వాళ్ల ఫేడెడ్ పేజ్ అనే ఉచిత పుస్తకాల సైటులో చూడండి. షెల్లీ నవల మొదటి సంపుటమంతా రాజకీయాలు, ప్రేమలే, రోగం రెండో సంపుటంలో వస్తుంది. ఇది తెలియకే చాలామంది మధ్యలో మానేస్తారు.

తెలుగు చేయాలన్న కోరిక ఉన్నవాళ్లు ది స్కార్లెట్ ప్లేగ్ తీసుకోండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు, చిన్న పుస్తకం, ఇరవై వేల మాటలు. రోజుకు ఐదు వందల మాటలు చేసినా నలభై రోజుల పని. పాత ముద్రణ పాఠం మీదనే చేయండి. ఈ మధ్య వచ్చిన ప్రతుల ముందుమాటలకు, బొమ్మలకు వేరే హక్కులుంటాయి. 2013లో రోగం వచ్చి లోకం పోయింది, 2073లో ఒక ముసలాయన సముద్రం ఒడ్డున మనవళ్లకు ఆ కథ చెప్తాడు. ఒకప్పుడు ఆయన విశ్వవిద్యాలయంలో సాహిత్యం చెప్పిన ప్రొఫెసర్. మనవళ్లు మేకలు కాస్తారు, వాళ్ల మాటలు తెగి ముక్కలైపోయాయి.

అనువాదంలో కష్టమంతా ఈ రెండు భాషల మధ్యనే ఉంది. ముసలాయనకూ పిల్లలకూ ఒకే పత్రికల తెలుగు పెడితే పుస్తకం చచ్చిపోతుంది. ముసలాయనకు పాఠ్యపుస్తకాల తెలుగు, నిండు వాక్యాలు, సంస్కృతం కలిసిన మాటలు ఇవ్వాలి. పిల్లలకు పొట్టి పొట్టి మాటలు. వాళ్లకు తెలంగాణ మాటే పెడదామనిపిస్తుంది కానీ అది తప్పు. మన యాస నిండైన భాష, చెడిపోయిన భాష కాదు. దాన్ని అనాగరికతకు గుర్తుగా వాడితే సినిమాలు చేసిన అన్యాయమే మళ్లీ చేసినట్టు. పిల్లల మాటల్లో ప్రాంతం కాదు, లోటు కనపడాలి. విభక్తులు రాలిపోవాలి, అంకెలు పది దాటకూడదు, కనపడని వస్తువులకు మాటలే ఉండకూడదు. ముసలాయన మాత్రం కావాలంటే వరంగల్ ప్రొఫెసర్‌లా మాట్లాడొచ్చు.

అన్నిటికన్నా గట్టి ముడి పేరులోనే ఉంది. తాత స్కార్లెట్ అన్నప్పుడల్లా ఒక మనవడికి చిరాకు. అదేం మాట, ఎరుపు అంటే ఎరుపే కదా అని ఎదురు తిరుగుతాడు. ఎర్ర ప్లేగు అని పెడితే ఆ గొడవకు చోటే ఉండదు. రక్తవర్ణం అంటే అర్థం ముందే తెలిసిపోతుంది, పిల్లలకు రక్తం బాగా తెలుసు. సిందూరం పెడితే రంగు దగ్గరగా ఉంటుంది కానీ బొట్టు గుర్తొచ్చి భయం పోతుంది. అరుణం అన్న మాటే పనికొస్తుందనిపిస్తుంది. తాత నోట సహజంగా పలుకుతుంది, మనవడికి తెలియదు, "అరుణమేంది, ఎర్రగ అను" అని కసరడానికి వీలుంటుంది.